రెండు కోట్ల రెట్ల రైబోసోమ్: ప్రాజెక్టు డైరీ

కణంలో ప్రోటీన్ ఎలా తయారవుతుందో చేత్తో తిప్పి చూపించే నమూనా ఇది. ఇలాంటిదే కట్టాలనుకునేవాళ్లకు కొలతలు, ఎక్కడెక్కడ చెడిందో, ఏది ఎందుకు మార్చానో రాస్తున్నాను. ఉత్సాహంగా సాగిన తొలి వారాల సంగతి వదిలేస్తున్నా.

మొదటి నమూనాలో అట్టపెట్టె, దాంట్లోంచి వెళ్లే కాగితం పట్టీ, పైన పూసల దండ. పట్టీ ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీ సందేశం మోసే ఆర్ఎన్ఏ పోగు), పెట్టె రైబోసోమ్ (ఆ సందేశం చదివి ప్రోటీన్ కట్టేది), పూసలు అమైనో ఆమ్లాలు, దండ ప్రోటీన్. చూడ్డానికి బాగానే ఉంది కానీ పెట్టె చేసే పని ఏమీ లేదు. పట్టీ లాగేది చెయ్యి, సరైన పూస ఏరేది కన్ను, దండకు గుచ్చేది మళ్లీ చెయ్యి. నేను చేస్తున్న ఈ పనులన్నీ కణంలో ఎవరు చేస్తారన్న ప్రశ్నతో దాన్ని విప్పేశాను. కింద ఉన్నదంతా రెండో నమూనా గురించి.

కొలమానం

1 నానోమీటరుకు 2 సెం.మీ. అంటే రెండు కోట్ల రెట్లు. 1 సెం.మీ. పెట్టి చూస్తే ఒక్కో అక్షరానికి (ఆర్ఎన్ఏ పోగులో వరుసగా ఉండే న్యూక్లియోటైడ్‌ను ఇక్కడ అక్షరం అంటున్నా; ఏ, యు, జి, సి అని నాలుగు రకాలు) 6 మి.మీ. చోటే దొరికింది. అందులో అయస్కాంతాలు పట్టలేదు.

- సాగదీసిన ఒంటి పోగు ఆర్ఎన్ఏలో ఒక అక్షరం: సుమారు 0.6 నానోమీటరు, నమూనాలో 1.2 సెం.మీ.
- ఆర్ఎన్ఏ జంట మెలిక మందం: 2.3 నానోమీటర్ల దాకా, నమూనాలో 4.5 సెం.మీ.
- టిఆర్ఎన్ఏలో (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే చిన్న ఆర్ఎన్ఏ) యాంటీకోడాన్ (సందేశంతో జతపడే మూడు అక్షరాలు) నుంచి అమైనో ఆమ్లం పట్టే కొస దాకా: 7.5 నానోమీటర్లు, నమూనాలో 15 సెం.మీ.
- సాగిన ప్రోటీన్ గొలుసులో ఒక అమైనో ఆమ్లం: 0.35 నానోమీటరు, నమూనాలో 7 మి.మీ. పూస.
- బ్యాక్టీరియా రైబోసోమ్: 20 నుంచి 25 నానోమీటర్లు, నమూనాలో 40 నుంచి 50 సెం.మీ.

పనిముట్లు: వెర్నియర్ కాలిపర్, స్ప్రింగ్ త్రాసు, కట్టర్, గ్లూ గన్, పట్టకారు. కాలిపర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, స్కేలుతో అయ్యేది కాదు.

దశ 1: సందేశం

ఇన్సులిన్ చేద్దామనుకున్నా. మనిషి కణంలో అది మొదట 110 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారవుతుంది. ఒక్కో అమైనో ఆమ్లానికి సందేశంలో మూడు అక్షరాలు, దాన్నే కోడాన్ అంటారు; గొలుసు ముగిసిందని చెప్పే ఆపు కోడాన్‌తో కలిపి 333 అక్షరాలు, అంటే నాలుగు మీటర్ల పట్టీ. చిన్నది కావాలి, అయితే నిజమైనదై ఉండాలి. చివరికి ఇ. కోలై బ్యాక్టీరియాలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారీ జన్యువుల ముందు వచ్చే లీడర్ పెప్టైడ్ (పొట్టి అమైనో ఆమ్లాల గొలుసు) తీసుకున్నా. మొత్తం 14 అమైనో ఆమ్లాలే. కోడాన్లు ఇవి:

ఏయుజి, ఏఏఏ, జిసిఏ, ఏయుయు, యుయుసి, జియుఏ, సియుజి, ఏఏఏ, జిజియు, యుజిజి, యుజిజి, సిజిసి, ఏసియు, యుసిసి, ఆపై ఆపు కోడాన్ యుజిఏ.

మొదలుపెట్టే ఏయుజికి ముందు ఈ సందేశంలో 26 అక్షరాలున్నాయి. అవీ కుట్టాను. ఆపు కోడాన్ తర్వాత ఇంకో 19. మొత్తం 90.

శాటిన్ రిబ్బన్ మీద ప్లాస్టిక్ పలకలు అతికించాను. నాలుగైదుసార్లు లాగేసరికి రిబ్బన్ సుమారు 2 శాతం సాగింది. చిన్న తేడాలే కదా అనిపిస్తుంది కానీ 45 అక్షరాల కోడింగ్ భాగం 54 సెం.మీ.; అందులో 2 శాతం అంటే దాదాపు 1.1 సెం.మీ., ఇంచుమించు ఒక అక్షరం. పట్టీ చివరికి వచ్చేసరికి చట్రం (అక్షరాలను మూడేసిగా విడదీసి చదివే వరుస) ఒక అక్షరం పక్కకు పోయేది. రిబ్బన్ తీసేసి, సాగని నూలు పట్టీ వేశాను. అంచున 1.2 సెం.మీ.కొక కన్నం, వాటిని పట్టుకోవడానికి పళ్లచక్రం.

ఒకసారి చక్రం పన్ను మూడో కోడాన్ దగ్గర ఒకటి దాటిపోయింది. దాన్ని ఆపకుండా అలాగే చదివించి చూశాను. జిసిఏ బదులు సిఏఏ, తర్వాత యుయుయు, యుసిజి, యుఏసి, ఆ వెంటనే యుజిఏ. అంటే గ్లుటమిన్, ఫినైల్అలనిన్, సెరిన్, టైరోసిన్, ఆపు. పద్నాలుగు రావాల్సిన గొలుసు ఆరుతో తెగిపోయింది. ఒక్క అక్షరం జారితే ఏమవుతుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. మీరూ కావాలని జార్చి చూడండి.

రెండో తంటా మొదలు ఎక్కడన్నది. పట్టీ కొస నుంచి చదవడం మొదలుపెడితే ఏఏజి, యుయుసి, ఏసిజి, యుఏఏ వస్తాయి. నాలుగోదే ఆపు కోడాన్! కాబట్టి ఏయుజిని వెతికి పట్టుకునేది ఏదో ఉండాలి. రైబోసోమ్‌కు చిన్నది, పెద్దది అని రెండు భాగాలు; బ్యాక్టీరియాలో ఆ పని చిన్న భాగంలోని 16ఎస్ అనే పొడవైన ఆర్ఎన్ఏ తోకది. ఆ తోకలోని సిసియుయు పట్టీలో ఏయుజికి ముందున్న ఏఏజిజితో జతపడుతుంది. నమూనాలో ఆ తోకను 8 అక్షరాల ముక్కగా చేసి, ఆ జత కుదిరితే తప్ప పైమూత పడకుండా కొక్కెం పెట్టాను. ఏఏజిజికి, ఏయుజికి మధ్య 9 అక్షరాల ఎడం ఉంది కాబట్టి కొక్కేన్ని ఏయుజి సరిగ్గా పి సైట్‌లో (గొలుసు పట్టుకున్న టిఆర్ఎన్ఏ ఉండే చోటు) కూర్చునేలా అమర్చాలి. 5 మి.మీ. తేడా వచ్చినా మూత పడదు.

ఇప్పటిదాకా ఆర్ఎన్ఏ: 90 అక్షరాలు, 1.08 మీటర్లు.

దశ 2: టిఆర్ఎన్ఏలు

14 అమైనో ఆమ్లాల్లో లైసిన్, ట్రిప్టోఫాన్ రెండేసిసార్లు వస్తాయి కాబట్టి 12 రకాలు చాలు. అట్టతో ఎల్ ఆకారాలు కోసి నిలబెడితే ఏ సైట్ (కొత్త టిఆర్ఎన్ఏ వచ్చే చోటు), పి సైట్లలో పక్కపక్కనే చక్కగా నిలబడ్డాయి. అట్ట పల్చన కాబట్టే అంత చక్కగా ఉంది. నిజమైన మందం ఇవ్వడానికి ఫోమ్ గొట్టం వాడాక ఇబ్బంది బయటపడింది. గొట్టం మందం 4.5 సెం.మీ., పక్కపక్క కోడాన్ల నడిమధ్యల ఎడం 3.6 సెం.మీ. ఒకదాన్నొకటి 9 మి.మీ. తోసుకుంటున్నాయి.

గొట్టాన్ని సన్నం చేస్తే కొలమానం పోతుంది. రైబోసోమ్ స్ఫటిక నిర్మాణాల్లో దీనికి జవాబుంది: పి కోడాన్‌కు, ఏ కోడాన్‌కు మధ్య ఎంఆర్ఎన్ఏ సుమారు 45 డిగ్రీలు వంగి ఉంటుంది. పట్టీ నడిచే గాడిని అలాగే వంచాను. వంపు వల్ల కింద రెండు టిఆర్ఎన్ఏలకూ చోటు దొరికింది, పైన అమైనో ఆమ్లాలు పట్టుకునే కొసలు దగ్గరయ్యాయి. గాడి తిన్నగా ఉన్నప్పుడు కొసల మధ్య 2 సెం.మీ. ఉండేది, వంచాక 3 మి.మీ.లోపు. బంధం ఏర్పడాలంటే అంత దగ్గరే కావాలి. ఒక్క వంపుతో రెండు పనులూ అయ్యాయి.

టిఆర్ఎన్ఏ తయారీ, ఒక్కోదానికి:

1. 91 సెం.మీ. తాడు కోయండి (76 అక్షరాలు). లూసిన్, సెరిన్ టిఆర్ఎన్ఏలు ఇంకా పొడుగు. నేను ఆ తేడా చూపలేదు.
2. ఎల్ ఆకారపు ఫోమ్ గొట్టానికి చుట్టండి. రెండు కొసలూ ఒకే చివర కలవాలి.
3. 3 ప్రైమ్ కొసను (ఆర్ఎన్ఏ పోగు చివరి కొస) మూడు అక్షరాల మేర పొడుగ్గా వదలండి. అది సిసిఏ, పూస తగిలేది అక్కడే.
4. అవతలి మలుపులో యాంటీకోడాన్ పలకలు మూడు.

ఇప్పటిదాకా ఆర్ఎన్ఏ: 1,002 అక్షరాలు, 12.02 మీటర్లు.

దశ 3: జత కుదరడం

సగం కాలం దీనికే పట్టింది.

ఏ–యు జతకు రెండు హైడ్రోజన్ బంధాలు, జి–సి జతకు మూడు. కాబట్టి పలకకు రెండో మూడో చిన్న నియోడైమియం అయస్కాంతాలు పెట్టాను. ధ్రువాల వరుస వల్ల సరైన జతే అతుక్కోవాలన్నది ఆలోచన.

మొదట పట్టీ తనకు తానే అతుక్కుంది. బల్ల మీద పెట్టిన 90 అక్షరాలు రాత్రికి ఉండచుట్టుకుని కనిపించాయి. విసుగొచ్చింది కానీ ఆర్ఎన్ఏ చేసేదే అది. ఒంటి పోగు ఎక్కడ జత దొరికితే అక్కడ మడతపడుతుంది. అయస్కాంతాలను 2 మి.మీ. లోపలికి దించితే పట్టు కొంత తగ్గి, చేత్తో తీస్తే విడిపోయే స్థాయికి వచ్చింది.

తర్వాత మూడు టిఆర్ఎన్ఏలు తమ కోడాన్ల మీద అసలు కూర్చోలేదు: ఐసోల్యూసిన్, గ్లైసిన్, త్రియోనిన్. ఇ. కోలైలో నిజంగా ఉన్న యాంటీకోడాన్లే పెట్టాను, అవి జిఏయు, జిసిసి, జిజియు. వీటి కోడాన్లు ఏయుయు, జిజియు, ఏసియు. మూడింటిలోనూ మూడో స్థానంలో యు ఎదురుగా జి వస్తోంది. ఆర్జినిన్‌ది ఇంకో దారి: దాని యాంటీకోడాన్ మొదటి అక్షరం ఏ నుంచి మారిన ఇనోసిన్. దానికి విడిగా పలక చేశాక సిజిసి మీద బాగానే కూర్చుంది.

మూడో స్థానంలో ఈ సడలింపు ఉంటుందని క్రిక్ 1966లోనే వివరించాడు. జి–యు కూడా పట్టుకునేలా జి పలకలో రెండు అయస్కాంతాలను 5 మి.మీ. పక్కకు జరిపి మరో వరుస పెట్టాను. పరీక్షకు అన్నీ యులే ఉన్న పట్టీ కుట్టాను. 1961లో నీరెన్‌బర్గ్, మథాయి వాడినది అలాంటి ఆర్ఎన్ఏనే. దాంతో ఫినైల్అలనిన్ గొలుసు వచ్చి, మొదటి కోడాన్ అర్థం తెలిసింది. నా ఫినైల్అలనిన్ టిఆర్ఎన్ఏ యాంటీకోడాన్ జిఏఏ, కాబట్టి యుయుయు మీద మూడో జత జి–యు అవ్వాలి. అయింది, వరుసగా పది పూసలు వచ్చాయి. అయితే ఈ పట్టీతో చట్రం సరిచూడకండి. అన్నీ ఒకటే అక్షరం కాబట్టి ఎంత జారినా పూస మారదు, తప్పు కనిపించదు.

సడలింపు ఇచ్చాక కొత్త తప్పు పుట్టింది. ఆరో కోడాన్ జియుఏ మీద వాలిన్‌కు బదులు అలనిన్ టిఆర్ఎన్ఏ కూర్చుంటోంది. ఎందుకో చూడండి. వాలిన్ యాంటీకోడాన్ యుఏసి: బంధాలు 3, 2, 2, మొత్తం ఏడు. అలనిన్‌ది యుజిసి: మొదటి స్థానంలో జి–సి మూడు, రెండో స్థానంలో యు–జి రెండు, మూడో స్థానంలో ఏ–యు రెండు. అదీ ఏడే. స్ప్రింగ్ త్రాసుతో లాగితే రెండూ 550 గ్రాముల చుట్టుపక్కలే ఊడివచ్చాయి. అయస్కాంతం బలం మార్చి, పలకలు రుద్ది, చాలా తంటాలు పడ్డాను. ఏం చేసినా ఒకదానికి బాగుపడితే ఇంకోదానికి చెడింది.

పట్టు బలంతో ఎంచాలనుకోవడం దగ్గరే ఇది ఆగిపోతుంది. రైబోసోమ్ చూసేది బలం కాదు, ఆకారం. ఏ–యు, జి–సి జతల వెడల్పు ఒక్కటే: ఇవతలి చక్కెర నుంచి అవతలి చక్కెరకు సుమారు 1.05 నానోమీటర్లు, నమూనాలో 2.1 సెం.మీ. జి–యు జతలో అక్షరం పక్కకు జరిగి ఉంటుంది. 16ఎస్ ఆర్ఎన్ఏలో 1492, 1493 స్థానాల్లోని రెండు ఏ అక్షరాలు బయటికి తిరిగి, 530వ స్థానంలోని జితో కలిసి, కోడాన్ మొదటి రెండు జతల ఆకారాన్ని తడిమి చూస్తాయి. మూడో జత మీద అంత పట్టింపు లేదు. 2001లో రామకృష్ణన్ బృందం ఈ నిర్మాణాన్ని చూపించింది.

చేసిన మార్పు:

1. 2 మి.మీ. రాగి తీగతో రెండు వేళ్లు, చిన్న మడతబందు మీద.
2. వేలి కొసన 2.1 సెం.మీ. వెడల్పుకు సరిపడే గాడి. జత 2 మి.మీ. పక్కకు జరిగినా దూరకూడదు.
3. వేళ్లు రెండూ పూర్తిగా లోపలికి పోతేనే పైనున్న గొళ్లెం విడుతుంది.
4. మూడో స్థానానికి వేలు లేదు.

అలనిన్ ఆగిపోయింది. ఐసోల్యూసిన్, గ్లైసిన్, త్రియోనిన్ దాటిపోయాయి, ఎందుకంటే వాటి జి–యు మూడో స్థానంలో ఉంది. ఒకే జత రెండో స్థానంలో తప్పు, మూడో స్థానంలో ఒప్పు.

ఇంకో పరీక్ష. వేళ్లను క్లిప్పుతో లోపలే బిగించి తిప్పితే అలనిన్ మళ్లీ దూరింది. పారోమోమైసిన్ అనే యాంటీబయాటిక్ చేసేది దాదాపు ఇదే: ఆ రెండు ఏ అక్షరాలను బయటికి తిప్పి ఉంచుతుంది, దాంతో తప్పు టిఆర్ఎన్ఏలు కూడా అంగీకారం పొందుతాయి. క్లిప్పును నమూనాలోనే ఉంచాను.

దశ 4: పెట్టె స్థానంలో తాడు

వేళ్లు ఆర్ఎన్ఏవి అయినప్పుడు వాటిని తగిలించే పెట్టె అట్టది కావడం ఎబ్బెట్టుగా ఉంది. రైబోసోమ్‌ను దాని అసలు సరుకుతోనే కట్టాలి. ఇ. కోలై లెక్క (16ఎస్ చిన్న భాగం ఆర్ఎన్ఏ, 23ఎస్, 5ఎస్ పెద్ద భాగానివి):

- 16ఎస్: 1,542 అక్షరాలు, 18.50 మీటర్లు
- 23ఎస్: 2,904 అక్షరాలు, 34.85 మీటర్లు
- 5ఎస్: 120 అక్షరాలు, 1.44 మీటర్లు
- ప్రోటీన్లు: చిన్న భాగంలో 21, పెద్ద భాగంలో 33

ఒకటిన్నర సెం.మీ. మందమున్న దూది తాడు, దాదాపు 55 మీటర్లు. మొదట 40 సెం.మీ. థర్మకోల్ బంతికి చుట్టాను. తాడు పైన, లోపల బంతి. ఇది తలకిందులు. నిజంగా ఆర్ఎన్ఏ నడుమ ఉంటుంది, రెండు భాగాలు కలిసే ముఖం కూడా ఎక్కువగా ఆర్ఎన్ఏనే. ప్రోటీన్లలో చాలావాటి ముద్దలు బయటి అంచున ఉండి, కొన్నిటి తోకలు మాత్రం లోపలికి దిగుతాయి. బంతి తీసి, తీగవల చట్రంలో తాడును లోపలికి మడిచాను. 54 మట్టి ముద్దలు బయట అతికించాను.

16ఎస్ తాడు నాలుగు ప్రాంతాలుగా విడివిడిగా ముడుచుకుంది, రంగు మార్చి చుడితే స్పష్టంగా తెలుస్తుంది. 23ఎస్‌లో ఆరు ప్రాంతాలున్నా అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఒకే దిమ్మెలా అయ్యాయి. అసలు నిర్మాణంలోనూ అంతే. ఈ తేడా వచ్చే దశలో పనికొచ్చింది.

బరువు తూస్తే ఆరు కిలోలకు దగ్గర. ప్లైవుడ్ పీట వంగింది. అడుగున ఇనుప పట్టీ వేశాను. దూది తాడుకు బదులు బోలు ఫోమ్ తాడు వాడితే ఈ బాధ ఉండదు. మళ్లీ కడితే అదే వాడతాను.

ఇక బంధం ఏర్పడే చోటు. పెప్టైడ్ బంధం కట్టేది ఎంజైమ్, ఎంజైమ్ అంటే ప్రోటీన్ అన్న లెక్కతో అక్కడ ఎర్రముద్ద ఒకటి పెట్టే ఏర్పాటు పాత గీతల్లో ఉండేది. 2000లో స్టైట్జ్ బృందం ఉప్పునీటి ఆర్కియా జీవి (బ్యాక్టీరియా కాని మరో రకం ఏకకణ జీవి) రైబోసోమ్ పెద్ద భాగం నిర్మాణాన్ని బయటపెట్టినప్పుడు, బంధం కట్టే చోటికి 1.8 నానోమీటర్ల లోపు ఏ ప్రోటీన్ ముద్దా కనిపించలేదు. నమూనాలో అది 3.6 సెం.మీ. వ్యాసార్థం. ఆ మేర గోళం గీసి, లోపల 23ఎస్ తాడు ఐదో ప్రాంతం తప్ప ఏదీ రాకుండా చూశాను. బ్యాక్టీరియాలో ఎల్27 ప్రోటీన్ తోక మాత్రం దగ్గరికి వస్తుంది. దానికి సన్న దారం పెట్టాను. ఎర్రముద్ద ఇప్పుడు నా డబ్బాలో ఉంది.

ఇప్పటిదాకా ఆర్ఎన్ఏ: 5,568 అక్షరాలు, 66.82 మీటర్లు. అందులో సందేశం 1.08 మీటర్లు, అంటే 1.6 శాతం. టిఆర్ఎన్ఏలు 16 శాతం, రైబోసోమ్ ఆర్ఎన్ఏ 82 శాతం. ఒక రైబోసోమ్, ఒక పొట్టి సందేశం, 12 టిఆర్ఎన్ఏలు పెట్టుకుంటే వచ్చిన లెక్క ఇది, కాకతాళీయమే. కానీ బ్యాక్టీరియా కణంలోనూ మొత్తం ఆర్ఎన్ఏలో 80 శాతం దాకా రైబోసోమ్‌లది, టిఆర్ఎన్ఏ 15 శాతం చుట్టుపక్కల, సందేశాలు కొద్ది శాతమే. ఆర్ఎన్ఏ అనగానే మనం బొమ్మ వేసేది మాత్రం ఆ కొద్ది శాతాన్నే.

దశ 5: కదలిక

పళ్లచక్రం తీసేశాను. కణంలో పట్టీని విడిగా లాగే చక్రం లేదు. టిఆర్ఎన్ఏలు కోడాన్లను పట్టుకుని ఉంటాయి, అవి జరిగితే వాటితో పట్టీ జరుగుతుంది. చట్రాన్ని నిలబెట్టేదీ ఆ పట్టే.

చిన్న భాగం పెద్ద భాగం మీద 7 డిగ్రీలు తిరిగేలా ఇరుసు పెట్టాను. 20 సెం.మీ. దూరంలో అంచు 2.4 సెం.మీ. జరిగింది. కోడాన్ ఉన్న నడుమ భాగంలో అందులో సగం కూడా లేదు. కావాల్సింది 3.6 సెం.మీ. కోణం పెంచి 15 డిగ్రీలు తిప్పితే రెండు భాగాల మధ్య వంతెన తీగలు తెగాయి.

చిన్న భాగానికి ‘తల’ అనే ముక్క ఉంది, అది 16ఎస్ మూడో ప్రాంతం. అది విడిగా 20 డిగ్రీల దాకా తిరుగుతుంది. తాడు అప్పటికే నాలుగు ప్రాంతాలుగా విడిగా ఉంది కాబట్టి తలకు వేరే ఇరుసు పెట్టడం తేలికైంది. దిమ్మెలాంటి 23ఎస్‌తో అయితే కుదిరేదే కాదు. రెండు తిప్పుళ్లూ ఒకదాని తర్వాత ఒకటి వస్తే పట్టీ మూడు అక్షరాలు జరిగింది, తీగలు తెగలేదు.

ఒక చుట్టు క్రమం:

1. పూసతో ఉన్న టిఆర్ఎన్ఏ ఏ సైట్‌లోకి. వేళ్లు చూస్తాయి. జిటిపి (కణంలో శక్తినిచ్చే అణువు) టోకెన్ ఒకటి డబ్బాలోకి. టోకెన్ పడ్డాక కూడా టిఆర్ఎన్ఏ జారిపోవడానికి ఇంకో అవకాశం ఉంటుంది, ఆ అవకాశాన్నీ ఇవ్వండి.
2. పి సైట్‌లోని గొలుసు మొత్తం ఏ సైట్ పూస మీదికి మారుతుంది.
3. చిన్న భాగం 7 డిగ్రీలు. టిఆర్ఎన్ఏల పైకొసలు ముందు జరుగుతాయి, కింది కొసలు ఇంకా అక్కడే.
4. తల తిరుగుతుంది. రెండో టోకెన్. కింది కొసలు, పట్టీ కలిసి 3.6 సెం.మీ.
5. ఖాళీ టిఆర్ఎన్ఏ ఇ సైట్ (బయటికి పోయే చోటు) నుంచి బయటికి.

రెండో అడుగు చాలామంది తిరగేసి చేస్తారు: కొత్త పూసను తీసి గొలుసుకు గుచ్చుతారు. అలా చేస్తే గొలుసు పాత టిఆర్ఎన్ఏ మీదే మిగిలి, ఐదో అడుగులో ఇ సైట్ నుంచి దాంతో పాటే బయట పడుతుంది. రెండుసార్లు తిప్పి చూస్తే ఇక ఎవరూ మర్చిపోరు.

దశ 6: సొరంగం

గొలుసు బయటికి వెళ్లే సొరంగం పొడవు సుమారు 10 నానోమీటర్లు, నమూనాలో 20 సెం.మీ. ఇరుకు చోట 1 నానోమీటరు, అంటే 2 సెం.మీ. గోడలు ఎక్కువగా 23ఎస్ తాడే. తాడు గరుకుకు పూసలు తట్టుకున్నాయి, లోపల పలుచని ప్లాస్టిక్ షీటు చుట్టాను.

గొలుసు ఎప్పటికీ బయటికి రాలేదు. ఎక్కడో ఇరుక్కుందని విప్పి చూస్తే ఏమీ లేదు. 14 పూసలు, ఒక్కోటి 7 మి.మీ., మొత్తం 9.8 సెం.మీ. సొరంగమే 20 సెం.మీ. ముప్పై చిల్లర అమైనో ఆమ్లాలు దాటితేగానీ మొదటి కొస బయటి మొహం చూడదు. ఈ పెప్టైడ్ పూర్తయ్యేది సొరంగం లోపలే. సరిచేయాల్సింది ఏమీ లేదు, పక్కన కిటికీ కోసి పారదర్శక షీటు పెట్టాను.

దశ 7: పూస తగిలించే బోర్డు

ట్రిప్టోఫాన్ టిఆర్ఎన్ఏకు గ్లైసిన్ పూస తగిలించి పంపాను. వేళ్లు ఒప్పుకున్నాయి, బంధం కట్టింది, తప్పు గొలుసు వచ్చింది. నమూనాలో లోపం కాదిది. 1962లో షాప్‌విల్ తదితరులు సిస్టీన్ టిఆర్ఎన్ఏ మీదున్న సిస్టీన్‌ను రసాయనికంగా అలనిన్‌గా మార్చి చూశారు. సిస్టీన్ ఉండాల్సిన చోట అలనిన్ చేరింది. రైబోసోమ్ అమైనో ఆమ్లాన్ని చూడదు, టిఆర్ఎన్ఏనే నమ్ముతుంది.

కాబట్టి జాగ్రత్త అంతకు ముందే ఉండాలి. ఆ పని 20 రకాల సింథటేజ్ ఎంజైములది, అవి ప్రోటీన్లే. నమూనాలో 12 గూళ్ల ప్లైవుడ్ బోర్డు. ఒక్కో గూడు ఒక్క టిఆర్ఎన్ఏకే పట్టేలా గుర్తు ఉండాలి. అలనిన్‌కు గుర్తు యాంటీకోడాన్ కాదు, కొస దగ్గర 3, 70 స్థానాల మధ్యనున్న జి–యు జత. అక్కడ మేకు తల పెట్టాను. మిగతావాటికి ప్రస్తుతానికి రంగు గుర్తులే, అది మోసమే.

పూర్తి రన్, లెక్క

మొదలు నుంచి ఆపు కోడాన్ పి సైట్ పక్కకు వచ్చేదాకా:

- పూసలు 14, బంధాలు 13
- టిఆర్ఎన్ఏ ప్రవేశాలకు జిటిపి 13
- జరుపుళ్లకు జిటిపి 13
- ఆరంభానికి జిటిపి 1
- పూసలు తగిలించడానికి ఏటిపి (ఇంకో శక్తి అణువు) 14. ఒక్కోటి రెండు ఫాస్ఫేట్లు పోయి ఏఎంపి దాకా విరుగుతుంది కాబట్టి రెండుగా లెక్క, 28

మొత్తం 55 టోకెన్లు. గొలుసు విడుదల, రైబోసోమ్ భాగాల విడదీత ఖర్చులు ఇందులో కలపలేదు. ఒక్కో పూసకు ఇంచుమించు నాలుగు. అందులో బంధం కట్టే రసాయనానికి విడిగా పోయేది ఏమీ లేదని గమనించండి. ఎంచడానికి, జరపడానికి, ముందే పూస తగిలించి ఉంచడానికే ఖర్చంతా. నమూనాలో ఒక్కో చుట్టుకు నాకు నిమిషంపైన పడుతోంది, బ్యాక్టీరియా సెకనుకు 15 నుంచి 20 కడుతుంది.

ఆపు కోడాన్ యుజిఏకు టిఆర్ఎన్ఏ లేదు. దాన్ని చదివేది ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్. కింద కోడాన్‌ను, పైన బంధం కట్టే చోటును ఒకేసారి అందుకోవాలి కాబట్టి దాని పొడవు కూడా టిఆర్ఎన్ఏ అంతే ఉండాలి. 15 సెం.మీ. చెక్క ముక్కతో చేశాను. మొదటిది 14 వచ్చింది, గొలుసు ఊడలేదు.

మిగిలింది

ట్రిప్టోఫాన్ పూసలు తీసేసి ఒక రన్ చేశాను. పదో కోడాన్ దగ్గర ఏ సైట్ ఖాళీగా ఉండి ఆగింది. బ్యాక్టీరియాకు ఈ పెప్టైడ్ ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. ట్రిప్టోఫాన్ కరువైతే రైబోసోమ్ ఆ జంట యుజిజిల మీద ఆగుతుంది. అప్పుడు ముందున్న ఆర్ఎన్ఏ ఒక రకంగా మడతపడి, ట్రిప్టోఫాన్ తయారుచేసే జన్యువుల చదువు (డిఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ నకలు తీయడం) కొనసాగుతుంది. ట్రిప్టోఫాన్ ఉంటే రైబోసోమ్ దాటిపోతుంది, ఆర్ఎన్ఏ మరో మడత వేసుకుని చదువు అక్కడే ఆగిపోతుంది. యానోఫ్స్కీ తేల్చిన సంగతి ఇది.

ఆ మడతలు చూపించడానికి నా పట్టీ చాలదు. 90వ అక్షరం దగ్గర కోసేశాను, మడతలు మారే భాగం సుమారు 140 దాకా ఉంది. ఇంకో 50 పలకలు, 60 సెం.మీ. పట్టీ కలపాలి. ఈసారి అయస్కాంతాలను లోపలికి దించకుండా పైనే ఉంచుతాను, ఆ భాగం తనకు తాను అతుక్కోవాల్సిందే కాబట్టి.